పాత పికప్ ట్రక్కు డాష్‌బోర్డు: మీటర్లు, వైరింగు మార్చుకోవడం ఎలా

పాత పికప్ చేతికి రాగానే చాలామంది ముందు మెరిసే మీటర్లు కొనేస్తారు. వైరింగు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంటారు. ఆ వరస తిరగెయ్యండి. యాభై ఏళ్ల నాటి వైర్ల మీద ఎంత ఖరీదైన మీటరు పెట్టినా, అది ఆ వైర్లు చెప్పిందే చూపిస్తుంది.

నాకిది నా 1972 షెవర్లే సి10 నేర్పింది. క్యాబ్‌కి కొత్త రంగు వేయించి, కొత్త ఫ్యూయల్ మీటరు బిగించి, ట్యాంకు నిండా పోయించాను. ముల్లు నిండుగీత దాటి నిలబడింది. మూడో రోజుకీ అక్కడే ఉంది. చూద్దాంలే అని నడిపాను. అయిదో రోజు రోడ్డు మధ్యలో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. ఆ బండిలో ట్యాంకు సీటు వెనకే, క్యాబ్ లోపలే ఉంటుంది. సీటు ముందుకు వంచి చూస్తే సెండర్ (ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో కొలిచి మీటరుకి చెప్పేది) ఎర్త్ వైరు రింగు తళతళలాడే కొత్త రంగు మీద బిగించి ఉంది. రంగు గుండా కరెంటు పోదు. బోల్టు విప్పి, రింగు పట్టేంత మేర రంగు గీకి మళ్లీ బిగించాను. స్విచ్ తిప్పగానే ముల్లు ఖాళీ గీత మీదికి వాలిపోయింది.

అందుకే ఈ పనిలో నా వరస ఇది: ముందు కొలవడం, తర్వాత కరెంటు వచ్చే దారి, ఆ తర్వాత ఎర్తు, సెండర్లు. మీటర్లు అన్నిటికంటే చివర.

కొనే ముందు తేల్చుకోవలసినవి

దారులు మూడు. పాత క్లస్టర్‌నే, అంటే మీటర్లన్నీ కలిసి ఉండే డబ్బానే, బాగుచేయించుకోవచ్చు. మీ మోడల్ డాష్‌లో సరిగ్గా కూర్చునేలా తయారైన పూర్తి కొత్త క్లస్టర్ పెట్టుకోవచ్చు. లేదా రేకు కోసి విడి గుండ్రటి మీటర్లు పెట్టుకోవచ్చు. మూడోదానికి నేను ఒప్పుకోను. కోసిన డాష్ మళ్లీ అతకదు, బండి విలువా పోతుంది. విడి మీటర్లే కావాలంటే డాష్ కింద బిగించే చిన్న ప్యానెల్ చాలు. చిన్న మీటర్లు ఎక్కువగా 52 మిల్లీమీటర్లు, స్పీడోమీటర్లలో బాగా కనిపించే సైజు 86 మిల్లీమీటర్లు. వెనక ఎంత లోతు పడుతుందో కూడా కొలవండి. హీటర్ గొట్టమో, వైపర్ లింకో అడ్డొచ్చేది అక్కడే.

రెండో ప్రశ్న వోల్టేజీ. షెవర్లే ట్రక్కులు 1955 మధ్యలో, ఫోర్డ్ ట్రక్కులు 1956లో 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. అంతకు ముందు బండైతే కొత్త మీటర్లు దాని మీద పనిచేయవు. పాత 6 వోల్టుల ఫోర్డుల్లో బ్యాటరీ ప్లస్సే ఎర్తుకి కలిసి ఉంటుంది. అది చూసుకోకుండా ఎలక్ట్రానిక్ మీటరు తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది.

మూడోది, అసలైనది: సెండర్ ఓమ్‌లు, అంటే అది కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. ఫ్యూయల్ మీటరు, ట్యాంకులోని సెండర్ ఒకే భాష మాట్లాడాలి. 1965 తర్వాతి జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో సెండర్ ఖాళీకి 0, నిండుకి 90 ఓమ్‌లు. అంతకు ముందు వాటిలో 0 నుంచి 30. ఆ కాలపు ఫోర్డ్, డాడ్జ్ ట్రక్కుల్లో తిరగేసి, ఖాళీకి సుమారు 73, నిండుకి 10. బయట దొరికే యూనివర్సల్ సెండర్లలో ఎక్కువ భాగం ఖాళీకి 240, నిండుకి 33. మీటరు పెట్టె మీద ఈ అంకెలు ఉంటాయి. జత కలవకపోతే ముల్లు తలకిందులుగా అయినా తిరుగుతుంది, సగంలో అయినా ఆగిపోతుంది.

విప్పడం

బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, తిరిగి తగలకుండా పక్కకి కట్టెయ్యండి. ట్యాంకు క్యాబ్‌లోనే ఉన్న బళ్లలో ఇది మరీ ముఖ్యం. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

విప్పే ముందు ఫోటోలు తీయండి. చాలనుకున్నదానికి రెట్టింపు తీయండి. ప్రతి వైరుకీ ఒక చీటీ చుట్టి, అది ఎక్కడిదో రాయండి. రంగుని మాత్రం నమ్ముకోవద్దు. యాభై ఏళ్లలో ఎర్ర వైరు గోధుమ రంగుకి, గోధుమ రంగుది నల్లగా మారిపోయి ఉంటుంది. ఓడోమీటర్ అంకె కూడా ఫోటో తీసి, తేదీ వేసి దాచుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు ఈ బండి ఎంత తిరిగిందని అడిగితే చూపించడానికి అదే ఆధారం.

క్లస్టర్ స్క్రూలన్నీ తీసినా బయటికి రాకపోతే లాగకండి. వెనక స్పీడోమీటర్ కేబుల్ పట్టుకుని ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు కేబుల్ క్లిప్పు వదులు చేస్తే నాలుగు వేళ్లు దూరేంత సందు వస్తుంది. అప్పుడు చెయ్యి వెనక్కి పోనిచ్చి కేబుల్ తల విప్పాలి. కొన్నిటిలో అది తిప్పే నట్టు, మరికొన్నిటిలో వేలితో నొక్కే నాలుక. నొక్కేదాన్ని తిప్పబోతే విరుగుతుంది. ఆ కాలపు ప్లాస్టిక్ ఎండిన అప్పడం లాంటిది.

1960ల చివరి నుంచి చాలా క్లస్టర్ల వెనక వైర్లకు బదులు పల్చటి ప్లాస్టిక్ షీటు మీద రాగి గీతలు ఉంటాయి. పాత క్లస్టర్ ఉంచుకునేట్టయితే ఆ రాగి మీది నలుపుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. ఉప్పు కాగితం వాడితే రాగి కూడా లేచిపోతుంది.

పాత వైరింగు: ఉంచాలా, తీసెయ్యాలా

ఫ్యూజ్ బాక్సు దగ్గర మొదలుపెట్టండి. ఫ్యూజు పట్టుకునే రేకులు నల్లబడ్డా, చుట్టూ ప్లాస్టిక్ కరిగినా అక్కడ వేడి పుట్టినట్టే. ఒక వైరు కొసన అంగుళం ఒలిచి చూడండి. రాగి మెరిస్తే సరే. పచ్చగానో, నల్లగానో ఉంటే ఆ మకిలి లోపల ఎంత దూరం పాకిందో చెప్పలేం. తర్వాత వైరుని వేలికి చుట్టి చూడండి. పైతొడుగు పెళుసుగా పగిలిందంటే ఇక చర్చ లేదు, కట్ట మొత్తం మార్చాల్సిందే. ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింట్లు మూడు నాలుగు దాటినా నేను మార్చెయ్యమనే చెప్తాను. ఎవరో ఎప్పుడో పాటల పెట్టె కోసం, హారన్ కోసం కోసి కలిపిన జాయింట్లను ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కూర్చునే కంటే కొత్త కట్ట వేయడమే తేలిక.

పాత బళ్లలో అమ్మీటర్ (ఎంత కరెంటు పోతోందో చూపే మీటరు) గురించి మాత్రం కాస్త నిదానంగా చదవండి. పాత డాడ్జ్ ట్రక్కుల్లో ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుంటే కరెంటు పుట్టించేది) నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్ కరెంటు మొత్తం ఇంజను గది గోడలోని కనెక్టరు దాటి, డాష్ వెనక అమ్మీటర్ గుండా తిరిగి బయటికి పోతుంది. ఫ్యూజు లేని లావు వైరు మీ మోకాళ్లకి జానెడు దూరంలో ఉన్నట్టు. ఆ కనెక్టరు కాళ్లు వదులైతే వేడెక్కి కరుగుతాయి. ఆల్టర్నేటర్ 37 ఆంపియర్ల కాలంలో అది ఎలాగో నడిచింది. ఇప్పుడు 100 ఆంపియర్లది పెట్టి అదే దారిలో పంపడం ప్రమాదం. అమ్మీటర్ తీసేసి వోల్ట్‌మీటర్ పెట్టండి. అయితే అలాంటి అమ్మీటర్‌ని ఊరికే విప్పి పారేస్తే బండి కరెంటంతా అక్కడే తెగిపోతుంది. దాని వెనక రెండు లావు వైర్లనీ ఒకే బోల్టుకి గట్టిగా బిగించి, తొడుగు వేసి, రేకుకి తగలకుండా కట్టాలి. చార్జింగ్‌కి ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ వైపు నేరుగా వేరే లావు వైరు, దానికి తగ్గ ఫ్యూజు వేయండి. 100 ఆంపియర్లకి, దూరం తక్కువైతే, 4 గేజ్ వైరు సరిపోతుంది. అన్ని అమ్మీటర్లూ ఇలా ఉండవు. మా సి10 తరం షెవర్లేల్లో మీటరుదాకా వచ్చేవి సన్నటి వైర్లే, ప్రవాహంలో కొసరు మాత్రమే డాష్‌కి వస్తుంది. అలాంటివి తీసేస్తే ఆ రెండు కొసల్నీ విడివిడిగా మూసెయ్యాలి, కలపకూడదు. మీది ఏ రకమో వైరు లావు చూస్తేనే తెలుస్తుంది.

కరెంటు దారి

వైరు గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. డాష్ పనికి నా లెక్క: మీటర్లు, లోపలి దీపాలకి 18 గేజ్. ఇండికేటర్లు, బ్రేకు లైట్లకి 16. 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న లైనుకి 14, 20కి 12, 30కి 10. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. లైను మాటిమాటికీ ఫ్యూజు కొడుతోందని పెద్ద ఫ్యూజు పెడితే, ఈసారి కాలేది వైరు. ఇళ్లలో వాడే వైరు కాకుండా బళ్ల కోసం తయారైన, 125 డిగ్రీల వేడి తట్టే తొడుగున్న వైరు కొనండి. ఇంజను గదిలో మామూలు తొడుగు మెత్తబడిపోతుంది.

బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్సుకి వచ్చే మెయిన్ వైరు మొదట్లోనే రక్షణ ఉండాలి. ఫ్యూజిబుల్ లింక్ (భారం ఎక్కువైతే ముందు తను కాలిపోయే వైరు ముక్క) వాడితే, మెయిన్ వైరు కంటే నాలుగు గేజ్‌లు సన్నది, జానెడు మించకుండా పెట్టాలి. 10 గేజ్ వైరుకి 14 గేజ్ లింక్ అన్నమాట. లింకు కాలినా చుట్టుపక్కల ఏమీ అంటుకోని చోట ఉంచండి.

ఫ్యూజ్ బాక్సులో మూడు రకాల కరెంటు విడివిడిగా గుర్తుపెట్టుకోండి: ఎప్పుడూ ఉండేది, తాళం తిప్పితే వచ్చేది, లైట్ స్విచ్ వేస్తే వచ్చేది. మీటర్లకి రెండోది, వాటి వెనక వెలుతురుకి మూడోది. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా పోని లైనులోంచి మీటర్లకి తీసుకోవాలి. కొన్ని లైన్లు సెల్ఫ్ కొడుతుండగా ఆగిపోతాయి, ఎలక్ట్రానిక్ మీటర్లు ఆ దెబ్బకి మళ్లీ మొదటికొస్తాయి.

పాత ఫోర్డ్ నడిపేవాళ్లకి ఒక మాట. క్లస్టర్ వెనక చిన్న రేకు డబ్బీలాంటి వోల్టేజీ రెగ్యులేటర్ ఉంటుంది. అది పాత మీటర్లకి దాదాపు 5 వోల్టులే పంపిస్తుంది. పాత మీటర్లకి నేరుగా 12 వోల్టులు ఇస్తే కాలిపోతాయి. కొత్త 12 వోల్టుల మీటర్లని ఆ డబ్బీ తర్వాత కలిపితే సరిగ్గా లేవవు. కొత్తవాటికి దాన్ని పక్కన పెట్టి వేరే లైను ఇవ్వండి.

హెడ్‌లైట్ల సంగతీ ఇప్పుడే ముగించెయ్యడం మేలు. పాత బళ్లలో ఆ కరెంటంతా డాష్‌లోని స్విచ్ గుండా పోతుంది. రెండు 60 వాట్ల హై బీములంటే 10 ఆంపియర్లు. అందుకే చాలా పాత స్విచ్చుల్లోనే ఒక బ్రేకర్ దాగి ఉంటుంది. భారం ఎక్కువైతే అది లైట్లని ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది, చీకట్లో గుండె ఆగినంత పనవుతుంది. బ్యాటరీ దగ్గర రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు) పెట్టండి, లో బీముకి ఒకటి, హై బీముకి ఒకటి. రిలే కాళ్ల మీద అంకెలు ఉంటాయి: 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87 నుంచి లైట్లకి, 86కి పాత స్విచ్ వైరు, 85 ఎర్తుకి. ఇక డాష్ స్విచ్ మీద పడే భారం నామమాత్రం.

టెర్మినల్‌కి వైరు కలపడంలో సాల్డరింగ్ కంటే మంచి క్రింపింగే (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించడమే) నాకు నమ్మకం. సీసం తీగల్లోకి ఎక్కి గట్టిపడిన చోట, బండి అదురుకి వైరు విరుగుతుంది. పూర్తిగా నొక్కితే గానీ వదలని రాచెట్ ప్లైయరు వాడి, ప్రతి జాయింటునీ చేత్తో లాగి చూసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడగండి. రేకు కంత దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (కంత అంచుకి తొడిగే వలయం) ఉండాలి.

ఎర్తు

క్యాబ్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఇంజనూ రబ్బరు మీదే. వెనక తొట్టి వేరే బోల్టుల మీద. అంతా ఇనుమే కదా, ఎక్కడ తగిలిస్తే ఏముంది అనుకుంటే దెబ్బతింటారు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను బ్లాకుకి లావు కేబుల్, బ్లాకు నుంచి ఫ్రేముకి ఒక పట్టీ, బ్లాకు నుంచి క్యాబ్ గోడకి ఇంకొకటి, ట్యాంకు సెండర్‌కి తనదంటూ ఒక వైరు. కలిపే ప్రతిచోటా రంగు గీకి, తెల్లటి ఇనుము కనపడేదాకా రుద్ది, బిగించాక పైన పల్చగా గ్రీజు పూయండి. డాష్ వెనక ఒక ఇత్తడి బోల్టు పెట్టుకుని మీటర్ల ఎర్తులన్నీ అక్కడికే తేవడం నాకు అలవాటు.

పరీక్ష తేలిక. ఇంజను నడుస్తుండగా, అన్ని లైట్లూ వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది డాష్ ఎర్త్ బోల్టు మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే సంతోషం. 0.2 దాటితే ఏదో పట్టీ సరిగ్గా పట్టలేదు.

సెండర్లు

ఫ్యూయల్ సెండర్‌ని ట్యాంకులోంచి తీసినప్పుడే ఓమ్‌లు కొలవండి. ఫ్లోట్ చెయ్యిని కింది నుంచి పైకి మెల్లగా లేపుతుంటే అంకె కూడా మెల్లగా మారాలి. మధ్యలో ఎక్కడైనా ఎగిరిందంటే లోపలి తీగ అరిగింది. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే పెట్రోలు దూరింది, అది ఇక తేలదు.

టెంపరేచర్ సెండర్, మీటరు జతగానే మార్చాలి. పాతదానితో కొత్త మీటరు కలపకండి. బిగించే ముందు ఒక గిన్నెలో నీళ్లు మరిగించి, సెండర్ కొస మాత్రం ముంచి, దాని ఒంటికి ఎర్తు క్లిప్పు, తలకి మీటరు వైరు తగిలించి చూడండి. నీళ్లు తెర్లుతుంటే ముల్లు 100 డిగ్రీల దగ్గర, ఫారెన్‌హీట్ మీటరైతే 212 దగ్గర నిలవాలి. ఈ పది నిమిషాలు ఖర్చుపెడితే, తర్వాత ఇంజను నిజంగా వేడెక్కిందా అన్న అనుమానం ఉండదు. సెండర్‌ని కూలెంటు ఎప్పుడూ కదిలే చోటే పెట్టండి. అడాప్టర్ల మీద అడాప్టర్లు పెట్టి దూరంగా నిలబెడితే అది కొలిచేది గాలిని.

ఆయిల్ ప్రెషర్‌కి పాత పద్ధతి మీటరులో సన్నటి గొట్టం గుండా వేడి నూనె డాష్ వెనకదాకా వస్తుంది. ఆ గొట్టం పగిలితే నూనె మీ కాళ్ల మీదే. ఎలక్ట్రిక్ సెండర్‌కి మారండి. ఒకే వైరున్న సెండర్లు మరల ద్వారానే ఎర్తు తీసుకుంటాయి కాబట్టి తెల్ల టేపు పొరలు పొరలుగా చుట్టకండి. పేస్ట్ సీలెంటు కొద్దిగా చాలు. అది టేపర్ మర (కొస వైపు సన్నబడేది), బలమంతా పెట్టి తిప్పితే బ్లాకు పగులుతుంది.

స్పీడోమీటర్, టాకోమీటర్

కేబుల్ స్పీడోమీటర్ ఉంచుకుంటే లోపలి తీగ బయటికి లాగి, తుడిచి, కింది రెండొంతులకే గ్రీజు పూయండి. పైదాకా పూస్తే అది మీటరులోకి ఎక్కుతుంది. ఎలక్ట్రానిక్‌కి మారితే గేర్‌బాక్స్‌లో కేబుల్ ఉన్న చోటే పల్స్ సెండర్ బిగుస్తుంది. ఆ అమెరికన్ కేబుళ్లు మైలుకి దాదాపు 1000 చుట్లు తిరిగేలా అమర్చినవి. చుట్టుకి 16 పల్సుల సెండరైతే మైలుకి 16,000. టైర్ల సైజు మారితే ఈ లెక్క తప్పుతుంది కనుక, కొలిచిన మైలు నడిపి మీటరుకి నేర్పాలి. జీపీఎస్ రకానికి ఈ బెడద లేదు గానీ సొరంగాల్లో తడబడుతుంది.

టాకోమీటర్ (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) వైరు ఇగ్నిషన్ కాయిల్ మైనస్‌కి. వెనక సిలిండర్ల స్విచ్ 4, 6, 8లో మీ ఇంజనుకి సరిపడేదానికి పెట్టండి. 8 సిలిండర్ల బండికి 4లో ఉంచితే ఐడిల్‌లోనే రెట్టింపు చూపిస్తుంది. కాయిల్‌కి కెపాసిటర్ రకం ఇగ్నిషన్ పెట్టె ఉంటే కాయిల్‌ని తాకొద్దు, ఆ పెట్టె మీదే టాకోమీటర్‌కి వేరే కొస ఉంటుంది.

చిన్న దీపాలు పెట్టే పెద్ద తలనొప్పులు

డాష్ బల్బులు ఎల్‌ఈడీకి మార్చాక బ్యాటరీ చార్జ్ కావడం లేదని తల పట్టుకునేవాళ్లున్నారు. చాలా ఆల్టర్నేటర్లు మొదలవడానికి కావలసిన చిన్న కరెంటు ఆ చార్జింగ్ దీపం గుండానే వెళ్తుంది. ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు. ఆ ఒక్కచోట పాత బల్బు ఉంచండి, లేదా ఆల్టర్నేటర్ తయారీదారు చెప్పిన రెసిస్టర్ పక్కన కలపండి. ఇండికేటర్లకి ఎల్‌ఈడీ పెడితే, వాటిని ఆర్పుతూ వెలిగించే పాత ఫ్లాషర్ సరిగ్గా పనిచేయదు, దానికి బల్బు భారం కావాలి. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి. కుడి ఎడమలకి డాష్‌లో ఒకే దీపం ఉన్న బండైతే, ఆ దీపానికి రెండు వైపుల నుంచీ చెరో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ద్వారా కరెంటు ఇచ్చి, రెండో కాలు ఎర్తుకి కలపాలి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

బ్యాటరీ కేబుల్ నేరుగా తగిలించకండి. మైనస్ టెర్మినల్‌కి, మైనస్ కేబుల్‌కి మధ్య 12 వోల్టుల బల్బు ఒకటి పెట్టండి. స్విచ్చులన్నీ ఆపి, తలుపులు మూసి ఉండగా ఆ బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్టు ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు ఆరిందో తప్పు ఆ లైనులోనే. మసకగా మిణుకుమంటే గడియారం లాంటిదేదో ఉండి ఉంటుంది. వెలగకపోతే బల్బు తీసి కేబుల్ బిగించి, ఫ్యూజులు ఒక్కొక్కటీ వేస్తూ చూసుకోండి.

ఇంజను ఆపి ఉంటే వోల్ట్‌మీటర్ 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఫ్యూయల్ ముల్లు తేడాగా ఉంటే ట్యాంకు దగ్గర సెండర్ వైరు ఊడదీసి చూడండి. జనరల్ మోటార్స్ రకంలో ముల్లు నిండు దాటాలి, అదే వైరుని ఒక్క క్షణం ఎర్తుకి ఆనిస్తే ఖాళీకి పడాలి. ఫోర్డ్, యూనివర్సల్ రకాల్లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. ముల్లు ఇలా కదిలితే మీటరు, వైరు రెండూ మంచివే, తప్పు సెండర్‌దో దాని ఎర్తుదో. కదలకపోతే డాష్ వెనక అదే పరీక్ష చేయండి. అక్కడ కదిలితే మధ్య వైరు తెగింది.

క్లస్టర్ స్క్రూలు మాత్రం అప్పుడే అన్నీ వేయకండి. రెండు వేసి వారం నడపండి. ఆయిల్ సెండర్ దగ్గర చెమ్మ పట్టిందేమో వేలితో తుడిచి చూడండి, ఎర్తు బోల్టులన్నీ ఇంకోసారి స్పానర్‌తో పట్టి చూడండి, ఒక రాత్రి అన్ని లైట్లూ వేసుకుని గంటసేపు తిరిగి వచ్చి ఫ్యూజ్ బాక్సు మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే మిగతా స్క్రూలు బిగించుకోవచ్చు.